యూనిట్ – 9: ఎర్రేల జతలు – పైథాన్‌లో గణన

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• రెండు సంఖ్యా ఎర్రేలను జతపరిచే మూడు పద్ధతుల మధ్య తేడాను వివరించడం
• నంపై సాయంతో స్థానం వారీ లబ్ధాన్ని, పూర్తి జతల పట్టికను తయారుచేయడం
• ఒకే ఎర్రేలోని విలువలను రెండేసి చొప్పున తీసుకొని జతలను లెక్కించడం
• ఇచ్చిన సమస్యకు ఏ రకం జత సరైనదో కారణంతో సహా నిర్ణయించడం

9.1 పరిచయం

ఒకే రకం విలువలను వరుసగా దాచుకొనే నిర్మాణాన్ని ఎర్రే అంటారని, పైథాన్‌లో సంఖ్యా ఎర్రేల కోసం నంపై అనే గ్రంథాలయాన్ని వాడతారని గత యూనిట్‌లో తెలుసుకొన్నారు. ఒక ఎర్రే మీద చేసే పనులు, అంటే మొత్తం, సగటు, గరిష్ఠ విలువ కనుక్కోవడం కూడా మీకు తెలుసు. ఈ యూనిట్‌లో రెండు ఎర్రేలను కలిపి చేసే గణనలను పరిశీలిద్దాం.

రెండు ఎర్రేలను కలపడం చూడటానికి తేలికైన పని. మధ్యలో ఒక గుణకారం గుర్తు పెడితే పైథాన్ జవాబు ఇచ్చేస్తుంది. కాని ఏ విలువను ఏ విలువతో గుణించాలి అనే ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ జవాబులున్నాయి. జతలను తప్పుగా ఎంచుకొన్నా పైథాన్ చాలా సందర్భాల్లో తప్పు చూపించదు. అడిగిన లెక్క చేసి ఊరుకొంటుంది. లాభమా నష్టమా అన్న తీర్పే తారుమారు కావచ్చు. ఈ విషయాన్ని గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి పంటల ఉదాహరణలతో తెలుసుకొందాం.

గమనిక: ఈ పాఠంలో పైథాన్ ఆదేశాలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాం. కీబోర్డుపై టైపు చేసేటప్పుడు ఎన్‌పీ, ఎర్రే, నన్, మీన్ వంటి పైథాన్ సొంత పదాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలి. నన్ అనే పదంలో మొదటి అక్షరం పెద్ద అక్షరం. దిగుబడి, ధర, ఖర్చు వంటి చలరాశుల పేర్లను మాత్రం పైథాన్ 3 తెలుగు అక్షరాల్లోనే అంగీకరిస్తుంది. కంప్యూటర్ అందుబాటులో లేనివారు కింది పట్టికలను ముందుగా కాగితం మీద వేసుకొని, అధ్యయన కేంద్రానికి వెళ్లినప్పుడు సరిచూసుకోవచ్చు.

9.2 మూడు రకాల జతలు

ఇంటర్మీడియట్ గణితంలో మీరు చదివిన కార్టీజియన్ లబ్ధం, సంయోగాలు అనే భావనలను ఒకసారి గుర్తుచేసుకోండి. ఎర్రేలను జతపరచడంలో మూడు పద్ధతులున్నాయి.

(1) స్థానం వారీ జత: మొదటి ఎర్రేలోని మొదటి విలువ రెండో ఎర్రేలోని మొదటి విలువతో, రెండోది రెండోదానితో జతకూడుతుంది. రెండు ఎర్రేల్లోనూ ఐదేసి విలువలుంటే ఐదు జతలు వస్తాయి.

(2) పూర్తి జత: మొదటి ఎర్రేలోని ప్రతి విలువ రెండో ఎర్రేలోని ప్రతి విలువతోనూ జతకూడుతుంది. ఇదే కార్టీజియన్ లబ్ధం. ఐదు, ఐదు విలువలుంటే 25 జతలు వస్తాయి.

(3) ఒకే ఎర్రేలోని జతలు: ఒకే ఎర్రేలోని విలువలను రెండేసి చొప్పున తీసుకొంటాం. ఏ విలువనూ దానితోనే జతపరచం. ఒక జతను రెండుసార్లు లెక్కించం. ఎన్ విలువలుంటే ఎన్(ఎన్ − 1)/2 జతలు వస్తాయి. ఐదు విలువలకు 10 జతలు.

ఐదు, ఇరవైఐదు, పది. జతల సంఖ్య ఎంత ఉండాలో ముందుగా కాగితం మీద రాసుకొని, ప్రోగ్రాం ఇచ్చిన జవాబులోని విలువల సంఖ్యతో పోల్చి చూడటం మంచి అలవాటు. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

9.3 స్థానం వారీ జత

ఒక కౌలు రైతు ఎకరం మిర్చి పొలానికి సంబంధించిన ఐదేళ్ల లెక్క ఇలా ఉందనుకొందాం. ఇవి అభ్యాసం కోసం తీసుకొన్న ఊహాత్మక సంఖ్యలు.

సంవత్సరం: 1, 2, 3, 4, 5
దిగుబడి (క్వింటాళ్లు): 22, 20, 18, 14, 12
ధర (క్వింటాలుకు వేల రూపాయలు): 10, 12, 13, 17, 20

విత్తనం, నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి, రవాణా, కౌలు అన్నీ కలిపి ఎకరానికి ఏటా 240 వేల రూపాయల ఖర్చు అనుకొందాం.

దిగుబడి = ఎన్‌పీ.ఎర్రే([22, 20, 18, 14, 12])
ధర = ఎన్‌పీ.ఎర్రే([10, 12, 13, 17, 20])
ఖర్చు = 240
రాబడి = దిగుబడి * ధర

నాలుగో వరుసలోని గుణకారం స్థానం వారీగా జరుగుతుంది. మొదటి ఏడాది దిగుబడి మొదటి ఏడాది ధరతోనే గుణితమవుతుంది. వచ్చే ఎర్రే:

220, 240, 234, 238, 240

దీని నుంచి ఖర్చును తీసివేస్తే −20, 0, −6, −2, 0 వస్తాయి. ఐదేళ్లలో ఒక్క ఏడాది కూడా లాభం లేదు. సగటున ఎకరానికి ఏటా 5.6 వేల రూపాయల నష్టం, అంటే రూ. 5,600.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, నంపై ఎర్రేలకూ పైథాన్ మామూలు లిస్టులకూ తేడా ఉంది. రెండు లిస్టుల మధ్య గుణకారం గుర్తు పెడితే పైథాన్ దోష సందేశం ఇస్తుంది. కూడిక గుర్తు పెడితే మాత్రం సందేశం ఏమీ ఇవ్వదు. విలువలను కూడకుండా, రెండో లిస్టును మొదటిదాని చివర అతికిస్తుంది. రెండోది, లిస్టులను జిప్ అనే ఆదేశంతో స్థానం వారీగా జతపరిచినప్పుడు ఒక లిస్టు పొట్టిగా ఉంటే, జిప్ ఆ లిస్టు అయిపోగానే ఆగిపోతుంది. మిగిలిన విలువలు చెప్పాపెట్టకుండా లెక్కలోంచి జారిపోతాయి. పైథాన్ 3.10 నుంచి జిప్‌కు స్ట్రిక్ట్ అనే ఐచ్ఛికం ఉంది. దానికి ట్రూ అని ఇస్తే పొడవులు సమానం కానప్పుడు ప్రోగ్రాం ఆగి దోషం చూపిస్తుంది. లెక్క సరిగా ఉండాల్సిన ప్రతిచోటా దీన్ని వాడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

(అ) ఏడు విలువలున్న లిస్టును ఐదు విలువలున్న లిస్టుతో జిప్ చేస్తే ఎన్ని జతలు వస్తాయి?
(ఆ) 4, 8 విలువలున్న రెండు ఎర్రేలకు పూర్తి జతలు ఎన్ని?

9.4 పూర్తి జతల పట్టిక

ఇప్పుడు మరో ప్రశ్న వేసుకొందాం. ప్రతి దిగుబడికీ ప్రతి ధర వద్దా రాబడి ఎంత? దీనికి పట్టిక కావాలి. అడ్డు వరుసల్లో దిగుబడులు, నిలువు వరుసల్లో ధరలు ఉంటాయి. ఫర్ లూప్ లోపల మరో ఫర్ లూప్ పెట్టి ఈ పట్టికను తయారుచేయవచ్చు. నంపైలో ఒక వరుస చాలు:

పట్టిక = దిగుబడి[:, నన్] * ధర

చతురస్ర కుండలీకరణాల్లోని గుర్తు చేసే పని ఇది: ఐదు విలువలున్న దిగుబడి ఎర్రేను ఐదు అడ్డు వరుసలు, ఒక నిలువు వరుస ఉన్న మాత్రికగా నిలబెడుతుంది. ధర ఎర్రే పడుకొని ఉంది, దిగుబడి నిలబడి ఉంది. నిలువుగా ఉన్న దాన్ని అడ్డంగా, అడ్డంగా ఉన్న దాన్ని నిలువుగా సాగదీసి నంపై 5 × 5 పట్టికను నింపుతుంది. ఈ సాగదీతనే బ్రాడ్‌కాస్టింగ్ అంటారు. ఎన్‌పీ.మల్టిప్లై.అవుటర్(దిగుబడి, ధర) అని రాసినా ఇదే ఫలితం వస్తుంది.

బ్రాడ్‌కాస్టింగ్ నియమం: రెండు ఎర్రేల పరిమాణాలను కుడి చివరి నుంచి ఒక్కొక్కటిగా పోల్చాలి. ప్రతి చోటా అవి సమానంగా ఉండాలి, లేదా ఒకటి 1 అయి ఉండాలి. ఒక ఎర్రేకు పరిమాణాలు తక్కువైతే, ఎడమవైపు 1 ఉన్నట్టు భావించాలి. ఈ షరతు తప్పితే దోష సందేశం వస్తుంది.

పట్టిక నుంచి 240 తీసివేయగా మిగిలే లాభనష్టాలు (వేల రూపాయల్లో) ఇలా ఉంటాయి:

దిగుబడి | ధర 10 | ధర 12 | ధర 13 | ధర 17 | ధర 20
22 | −20 | 24 | 46 | 134 | 200
20 | −40 | 0 | 20 | 100 | 160
18 | −60 | −24 | −6 | 66 | 120
14 | −100 | −72 | −58 | −2 | 40
12 | −120 | −96 | −84 | −36 | 0

ఈ 25 గడుల్లో 10 గడులు లాభాన్ని, 13 గడులు నష్టాన్ని చూపుతున్నాయి. రెండు గడుల్లో లాభమూ లేదు, నష్టమూ లేదు. మొత్తం గడుల సగటు తీస్తే, అంటే (పట్టిక − ఖర్చు).మీన్() అని అడిగితే, జవాబు 7.68 వస్తుంది. ఎకరానికి సగటున రూ. 7,680 లాభం!

ఇదే రైతు, ఇవే సంఖ్యలు. 9.3లో రూ. 5,600 నష్టం వచ్చింది. ఇక్కడ రూ. 7,680 లాభం వచ్చింది. ప్రోగ్రాంలో ఎక్కడా దోషం లేదు. మరి ఏది నిజం?

9.5 రెండు జవాబుల మధ్య తేడా ఎందుకు వచ్చింది?

పట్టికలో ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు పోయే ప్రధాన వికర్ణాన్ని చూడండి. −20, 0, −6, −2, 0. ఇవి నిజంగా గడిచిన ఐదేళ్లు. మిగిలిన 20 గడులు ఎన్నడూ జరగని సంవత్సరాలు. ఒక ఏడాది దిగుబడిని మరో ఏడాది ధరతో కలిపితే వచ్చినవి. లాభం చూపే 10 గడులూ వికర్ణానికి పైభాగంలోనే ఉన్నాయి. 22 క్వింటాళ్లు పండి, క్వింటాలు 20 వేలు పలికిన ఏడాది ఈ ఐదేళ్లలో లేదు.

ఇచ్చిన సంఖ్యల్లో దిగుబడి తగ్గుతున్నకొద్దీ ధర పెరుగుతోంది. ఈ రెండింటి మధ్య రుణ సహసంబంధం ఉంది. గుంటూరు మిర్చి యార్డు వ్యవహారం తెలిసినవారికి ఇది వింత కాదు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్న ఆ యార్డుకు చుట్టుపక్కల జిల్లాల పంట అంతా చేరుతుంది. పంట బాగా పండిన ఏడాది టిక్కీలు యార్డులో పేరుకొంటాయి, శీతల గిడ్డంగులు నిండుతాయి, ధర దిగుతుంది. పంట తగ్గిన ఏడాది ధర ఎక్కుతుంది. అంటే ఇక్కడ దిగుబడి, ధర అనేవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఎర్రేలు కావు. ఏడాది అనే దారంతో కట్టిన జతలు. పూర్తి జతల పట్టిక ఆ దారాన్ని తెంపేస్తుంది.

ఈ తేడాను సంఖ్యా శాస్త్రంలో కచ్చితంగా చెప్పవచ్చు. పూర్తి జతల లబ్ధాల సగటు ఎప్పుడైనా సగటుల లబ్ధానికి సమానం. ఇక్కడ దిగుబడి సగటు 17.2, ధర సగటు 14.4, వాటి లబ్ధం 247.68. స్థానం వారీ లబ్ధాల సగటు 234.4. రెండింటి తేడా −13.28. ఈ సంఖ్య దిగుబడి, ధరల సహవిస్తృతి. సహవిస్తృతి సున్నా అయితే రెండు పద్ధతులూ ఒకే సగటునిస్తాయి. రుణాత్మకమైతే పూర్తి పట్టిక సగటు రాబడిని ఎక్కువ చేసి చూపుతుంది. ధనాత్మకమైతే తక్కువ చేసి చూపుతుంది.

ఇందులోని పొరపాటు కంప్యూటర్ వాడేవారిది మాత్రమే కాదు. ‘సగటు దిగుబడి ఇంత, సగటు ధర ఇంత, రెండూ గుణిస్తే ఇంత మిగులుతుంది’ అని వేళ్ల మీద లెక్కవేసి కౌలు ఒప్పుకొనే ప్రతిచోటా ఇదే జరుగుతుంది. సగటుల లబ్ధం తీయడమంటే తెలియకుండానే 25 గడుల సగటు తీయడం. పై ఉదాహరణలో ఆ లెక్కను నమ్మిన రైతు ఎకరానికి ఏటా రూ. 7,680 మిగులుతుందనుకొంటాడు. పోయేది రూ. 5,600. ఐదెకరాలు కౌలుకు తీసుకొంటే ఐదేళ్లలో అనుకొన్నదానికీ జరిగినదానికీ తేడా రూ. 3,32,000.

9.6 పూర్తి పట్టిక ఎప్పుడు అవసరం?

పై చర్చను బట్టి పూర్తి జతల పట్టిక పనికిరానిదని అనుకోకూడదు. రెండు రాశులు ఒకదానికొకటి ముడిపడి లేనప్పుడు అదే సరైన సాధనం.

మిర్చిలో పంట ప్రాంతం మొత్తం దిగుబడి ధరను కదిలిస్తుంది. కాని ఒక్క రైతు పొలం దిగుబడి ధరను కదిలించలేదు. ఊరంతా బాగా పండిన ఏడాది ఒక రైతు బోరు ఎండిపోతే, అతనికి తక్కువ దిగుబడీ తక్కువ ధరా ఒకేసారి వస్తాయి. పట్టికలో అది ఎడమ కింది మూలన ఉన్న −120 గడి. గడిచిన ఐదేళ్లలో అది లేకపోయినా రేపు రావచ్చు. వికర్ణం జరిగినదాన్ని చెబుతుంది. పట్టిక జరగడానికి వీలున్నదాన్ని చెబుతుంది. అప్పు ఎంత తీసుకోవచ్చో ఆలోచించేటప్పుడు చూడవలసింది ఆ మూల గడినే.

పత్తి విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టం. పత్తి దేశంలోని అనేక రాష్ట్రాల్లో పండుతుంది, అంతర్జాతీయంగా వ్యాపారం జరుగుతుంది. ఒకటి రెండు జిల్లాల్లో పంట పోయినంత మాత్రాన ధర పెరగదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ ఉధృతికి పత్తి దెబ్బతిని, అప్పుల్లో కూరుకొన్న రైతులు ఆత్మహత్యలు చేసుకొన్న విషాదం మనకు తెలుసు. పంట పోయినప్పుడు ధర ఆదుకొంటుందన్న భరోసా అక్కడ లేదు. ఇలాంటిచోట దిగుబడి, ధరలను విడివిడి రాశులుగా భావించి, పూర్తి పట్టిక వేసి చూడాలి.

రెండు ఎర్రేల పొడవు వేరైనప్పుడూ పూర్తి పట్టిక పనిచేస్తుంది. 2025–26 సీజనుకు కేంద్రం ప్రకటించిన పత్తి కనీస మద్దతు ధర మధ్యరకం పింజకు క్వింటాలుకు రూ. 7,710, పొడవు పింజకు రూ. 8,110. ఎకరా దిగుబడులను 4, 7, 10 క్వింటాళ్లుగా తీసుకొంటే, 3 × 2 పట్టిక వస్తుంది (వేల రూపాయల్లో):

4 క్వింటాళ్లు: 30.84, 32.44
7 క్వింటాళ్లు: 53.97, 56.77
10 క్వింటాళ్లు: 77.10, 81.10

ఈ రెండు ఎర్రేలను నన్ పెట్టకుండా నేరుగా గుణిస్తే, 3కూ 2కూ పొత్తు కుదరదు కాబట్టి నంపై దోష సందేశం ఇస్తుంది. మిర్చి ఉదాహరణలో రెండూ ఐదేసి విలువలు కావడం వల్ల నన్ పెట్టినా, పెట్టకపోయినా జవాబు వచ్చింది. పొడవులు సమానంగా ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం అనడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

(అ) 5 × 1 పరిమాణం గల ఎర్రేను 5 విలువల ఎర్రేతో కూడితే ఫలితం పరిమాణం ఎంత?
(ఆ) 2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ. 11,781 ధరను, 2.58 లక్షల టన్నుల పరిమితితో ప్రకటించింది. 9.3లోని రైతు పంటంతటికీ ఆ ధర కనీస ధరగా ప్రతి ఏటా దక్కిందనుకొని, ఎన్‌పీ.మాగ్జిమమ్(ధర, 11.781) వాడి సగటు లాభనష్టం కనుక్కోండి.

9.7 ఒకే ఎర్రేలోని జతలు

గుంటూరు సమీపంలోని లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం మిర్చి, పత్తి వంగడాలకు ప్రసిద్ధి. జి-4 (భాగ్యలక్ష్మి), ఎల్.సి.ఎ. 334 వంటి మిర్చి రకాల పేర్లు ఈ ప్రాంతంలో అందరికీ పరిచితమే. కొత్త సంకరాల కోసం రకాలను ఒకదానితో ఒకటి కలిపి చూసే ప్రయోగానికి డయాలెల్ సంకరణం అని పేరు. మనం మాట్లాడుకొంటున్న ‘ఒకే ఎర్రేలోని జతలు’ దీనిలో పొలం మీద కనిపిస్తాయి.

ఆరు రకాలను తల్లిదండ్రులుగా తీసుకొన్నామనుకొందాం. ఎన్ని జతలు? ప్రయోగ పద్ధతిని బట్టి నాలుగు జవాబులున్నాయి. గ్రిఫింగ్ అనే శాస్త్రవేత్త 1956లో వీటిని నాలుగు పద్ధతులుగా వర్గీకరించాడు.

• తల్లిదండ్రులు, సంకరాలు, వ్యుత్క్రమ సంకరాలు అన్నీ: 6 × 6 = 36
• తల్లిదండ్రులు, ఒక దిశ సంకరాలు: 6 × 7 / 2 = 21
• రెండు దిశల సంకరాలు మాత్రమే: 6 × 5 = 30
• ఒక దిశ సంకరాలు మాత్రమే: 6 × 5 / 2 = 15

ప్రతి జతకూ పూమొగ్గలో పుప్పొడి తిత్తులను చేత్తో తొలగించి, వేరే రకం పుప్పొడిని అద్ది, చీటీ కట్టాలి. వచ్చిన విత్తనాన్ని మడుల్లో పెంచాలి. మూడేసి మడుల చొప్పున వేస్తే 15 సంకరాలకు 45 మడులు చాలు, 36కు 108 మడులు కావాలి. కంప్యూటర్‌లో జత ఉచితం, పొలంలో కాదు. అందుకే ఏ జతలు కావాలో ముందు తేల్చుకోవాలి.

పైథాన్‌లో ఇటర్‌టూల్స్ అనే మాడ్యూల్‌లో ఇందుకు సిద్ధంగా ఆదేశాలున్నాయి. ప్రొడక్ట్ 36 జతలను, కాంబినేషన్స్ విత్ రీప్లేస్‌మెంట్ 21 జతలను, పర్మ్యుటేషన్స్ 30 జతలను, కాంబినేషన్స్ 15 జతలను ఇస్తాయి. ప్రొడక్ట్‌కు రిపీట్ = 2 అని, మిగిలిన మూడింటికీ రెండో విలువగా 2 అని ఇవ్వాలి. గ్రిఫింగ్ నాలుగు పద్ధతులకూ వరుసగా నాలుగు ఆదేశాలు సరిపోవడం గమనించండి.

సంఖ్యలతో పని ఉన్నప్పుడు నంపై వేగంగా ఉంటుంది. నాలుగు రకాల కాయ పొడవులు 6, 8, 9, 12 సెం.మీ. అనుకొందాం (ఊహాత్మక విలువలు). ప్రతి జతకూ తల్లిదండ్రుల సగటు కావాలి.

సగటు = (కాయ[:, నన్] + కాయ) / 2

6.0, 7.0, 7.5, 9.0
7.0, 8.0, 8.5, 10.0
7.5, 8.5, 9.0, 10.5
9.0, 10.0, 10.5, 12.0

ఇది సౌష్ఠవ మాత్రిక. వికర్ణంపై ఉన్నవి తల్లిదండ్రుల సొంత విలువలే. వికర్ణానికి పైన, కింద ఒకే విలువలున్నాయి. మనకు కావలసిన ఆరు జతలు పై త్రిభుజంలో ఉన్నాయి: 7.0, 7.5, 9.0, 8.5, 10.0, 10.5. వీటిని మాత్రమే తీసుకోవడానికి:

ఐ, జె = ఎన్‌పీ.ట్రై యూ ఇండిసెస్(4, 1)
సగటు[ఐ, జె]

ఆదేశంలోని 1 అనే సంఖ్య ‘వికర్ణాన్ని వదిలి ఒక మెట్టు పైనుంచి’ అని చెబుతుంది. దాన్ని మరచిపోతే వికర్ణం కూడా కలిసి 6కు బదులు 10 విలువలు వస్తాయి. సంకరం విలువ తల్లిదండ్రుల సగటు కంటే ఎంత శాతం ఎక్కువో చెప్పేదే సంకర తేజం. వికర్ణాన్ని కలుపుకొంటే, సంకరమే కాని వాటిని సంకరాలుగా లెక్కించినట్టవుతుంది.

ఒక త్రిభుజాన్ని వదిలేయడం గణన సౌష్ఠవంగా ఉన్నప్పుడే సరైనది. కూడిక, దూరం వంటివి సౌష్ఠవం. తీసివేత, భాగహారం కావు. ఏ రకం తల్లి, ఏ రకం తండ్రి అన్నది ముఖ్యమైనప్పుడు రెండు త్రిభుజాలూ ఉంచుకోవాలి.

9.8 జతల మధ్య దూరం

విత్తనోత్పత్తిలో వేరే రకం పుప్పొడి కలవకుండా పొలాల మధ్య వేర్పాటు దూరం పాటించాలి. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం మిర్చిలో ఈ దూరం మూల విత్తనానికి 400 మీటర్లు, ధ్రువీకరించిన విత్తనానికి 200 మీటర్లు. వేర్వేరు రకాలు వేసిన నాలుగు పొలాల స్థానాలు మీటర్లలో క(0, 0), చ(300, 0), ట(0, 400), త(90, 120) అనుకొందాం. ఎక్స్, వై అనే రెండు ఎర్రేల నుంచి దూరాల పట్టికను ఇలా తయారుచేస్తాం:

దూరం = ఎన్‌పీ.హైపాట్(ఎక్స్[:, నన్] − ఎక్స్, వై[:, నన్] − వై)

హైపాట్ లంబకోణ త్రిభుజంలో కర్ణాన్ని కనుక్కొంటుంది. ఫలితాలు: క–చ 300, క–ట 400, క–త 150, చ–ట 500, చ–త 241.9, ట–త 294.1. ధ్రువీకరించిన విత్తనానికి క–త జత ఒక్కటే అడ్డు.

కాని పట్టిక మొత్తం మీద ‘దూరం 200 కంటే తక్కువైన గడులు ఎన్ని?’ అని అడిగితే జవాబు 6 వస్తుంది. క–త రెండుసార్లు లెక్కకు వచ్చింది. ప్రతి పొలానికీ తనతో తనకున్న సున్నా దూరం కలిసి మరో నాలుగు చేరాయి. ఈ సంఖ్యనే నివేదికలో రాస్తే ఒక్క జత దోషానికి ఆరు దోషాలు చూపించినట్టవుతుంది. పై త్రిభుజం మీద మాత్రమే అడిగితే సరైన జవాబు 1 వస్తుంది.

9.9 జతల సంఖ్య, కంప్యూటర్ జ్ఞాపకశక్తి

జతల సంఖ్య విలువల సంఖ్య వర్గంలా పెరుగుతుంది. 10,000 విలువలున్న ఎర్రేకు పూర్తి పట్టికలో 10 కోట్ల గడులుంటాయి. దశాంశ సంఖ్య ఒక్కోదానికి 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు, అంటే సుమారు 800 మెగాబైట్లు కావాలి. విలువలు పది రెట్లు పెరిగితే స్థలం వంద రెట్లు పెరుగుతుంది. మామూలు కంప్యూటర్ దాన్ని భరించలేదు.

ఇలాంటప్పుడు పట్టికను ఒకేసారి తయారుచేయకుండా ఒక్కో అడ్డు వరుసను లెక్కించి, అందులోంచి కావలసింది (కనిష్ఠం, మొత్తం, 200 కంటే తక్కువైనవాటి సంఖ్య) మాత్రం దాచుకొని, ముందుకు పోవాలి. వేగం కొంత తగ్గినా పని పూర్తవుతుంది. పూర్తి లబ్ధాల సగటు ఒక్కటే కావాలంటే పట్టికే అక్కర్లేదు. 9.5లో చెప్పినట్టు రెండు సగటులను గుణిస్తే చాలు.

9.10 సారాంశం

ఎర్రేలను జతపరచడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకే సంఘటనకు చెందిన రెండు కొలతలను (ఒకే ఏడాది దిగుబడి, ధర) స్థానం వారీగా జతపరచాలి. ఒకదానితో ఒకటి ముడిపడని రాశులకు, లేదా జరగడానికి వీలున్నవన్నీ చూడాలనుకొన్నప్పుడు, పూర్తి జతల పట్టిక వాడాలి. ఒకే సమూహంలోని వస్తువులను పోల్చేటప్పుడు, గణన సౌష్ఠవంగా ఉంటే, వికర్ణం వదిలి పై త్రిభుజాన్ని తీసుకోవాలి. రెండు ఎర్రేల పొడవు సమానమైనప్పుడు మొదటి రెండు పద్ధతులూ దోషం లేకుండా జవాబిస్తాయి కాబట్టి, ఎంపిక బాధ్యత పూర్తిగా ప్రోగ్రాం రాసేవారిదే. ప్రోగ్రాం రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రెండు విలువలు నిజంగా ఒకచోట కలుస్తాయా? ఒక విలువ తనతో తాను కలవడానికి అర్థం ఉందా? జతను తిరగేస్తే జవాబు మారుతుందా?

9.11 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు

1. (అ) ఐదు జతలు. చివరి రెండు విలువలు వదిలిపోతాయి. (ఆ) 32.
2. (అ) 5 × 5. (ఆ) మొదటి ఏడాది ధర మాత్రమే మారుతుంది. ఆ ఏడాది రాబడి 259.182 వేలు. ఐదేళ్ల సగటు లాభం 2.236 వేలు, అంటే సుమారు రూ. 2,236.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. స్థానం వారీ జత, పూర్తి జతల మధ్య తేడాను దిగుబడి, ధరల ఉదాహరణతో వివరించండి. రెండు సగటులు ఎప్పుడు సమానమవుతాయి?
2. బ్రాడ్‌కాస్టింగ్ నియమాన్ని తెలిపి, 3 × 1, 2 పరిమాణాల ఎర్రేలకు అన్వయించండి.

II. కింది ప్రశ్నలకు 10 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. ఎనిమిది రకాలతో డయాలెల్ సంకరణంలో గ్రిఫింగ్ నాలుగు పద్ధతులకూ జతల సంఖ్య కనుక్కోండి.
2. దూరాల పట్టికలో వికర్ణాన్ని వదిలివేయకపోతే కలిగే దోషం ఏమిటి?
3. మీ ఊరిలో ఒక పంటకు సంబంధించి గత ఐదేళ్ల దిగుబడి, ధర సేకరించి, రెండు పద్ధతుల్లోనూ సగటు రాబడి లెక్కించండి. తేడాకు కారణం రాయండి.